విరిగిన పాలరాతిపై ధరల పట్టిక: డయోక్లీషియన్ శాసనపు గ్రీకు శకలాలు, పాఠనిర్ణయ సమస్యలు

వ్యాససంగ్రహం

క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ తన సహపాలకులతో కలిసి వెలువరించిన గరిష్ఠ ధరల శాసనం ఏ ఒక్కచోటా సంపూర్ణంగా మిగలలేదు. గ్రీసు, ఆసియా మైనరు ప్రాంతాల్లో దొరికిన పాలరాతి శకలాలను కూర్చి పండితులు దాని పాఠాన్ని పునర్నిర్మించారు. ఈ పాఠంలో రాయి చెప్పినది ఎంత, పరిష్కర్త పూరించినది ఎంత అన్న ప్రశ్నను, ముఖ్యంగా గ్రీకు ప్రతుల్లోని అంకెలను ఆధారం చేసుకొని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అంత్య ప్రాచీనయుగం, గ్రీకు శాసనాలు, పాలరాతి శకలాలు, పాఠపూరణ, డయోక్లీషియన్ ధరల శాసనం, అఫ్రొడీసియస్, లైడెన్ సంకేతాలు

1. ఉపోద్ఘాతం

దక్షిణ గ్రీసులోని లకోనియా ప్రాంతంలో గెరాకి అనే చిన్న ఊరు ఉంది. ప్రాచీనకాలంలో దాని పేరు గెరోంథ్రాయ్. అక్కడ జాన్ క్రిసోస్తోమ్ పేరిట వెలసిన మధ్యయుగపు చర్చికి ద్వారబంధంగా నిలిపిన పాలరాతి పలకలపై గ్రీకు అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. అవి ప్రార్థనలు కావు, దాతల పేర్లూ కావు. సరుకుల పేర్లు, కొలతలు, వాటి పక్కన ధరలు. రోమన్ సామ్రాజ్యం మొత్తానికి వర్తించాలని ఉద్దేశించిన ఒక ధరల పట్టికలోని ముక్కలు, కొన్ని శతాబ్దాల తరువాత గుడి కట్టేవారికి చదునైన మంచి రాళ్లుగా ఉపయోగపడ్డాయి.

క్రీ.శ. మూడవ శతాబ్దం చివరి నుంచి ఆరేడు శతాబ్దాల వరకు సాగిన కాలాన్ని చరిత్రకారులు అంత్య ప్రాచీనయుగం అంటారు. ఈ కాలపు గ్రీకు శాసనాల్లో అధికభాగం మనకు ఇటువంటి స్థితిలోనే అందాయి. పాలరాయికి మూడు రకాల మృత్యువులు. ఒకటి, దాన్ని వేరే కట్టడంలో ఇటుకలా వాడుకోవడం. రెండవది, పగులగొట్టి సున్నపుబట్టీలో వేయడం. కాల్చిన పాలరాయి మేలైన సున్నమవుతుంది. అమరావతి స్తూపఫలకాలకు పట్టిన గతి తెలిసిన మనకు ఈ విషయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మూడవది, బుద్ధిపూర్వకంగా చెరపడం. ఆసియా మైనరులోని అఫ్రొడీసియస్ నగరం క్రైస్తవం బలపడిన తరువాత తన దేవత పేరును విడిచి స్టావ్రోపోలిస్, అనగా సిలువపురి అయినప్పుడు, ఈశాన్య ద్వారం మీది శాసనంలో పాత నగరవాసుల పేరును చెక్కివేసి కొత్త పేరును చెక్కారు. ఈ మూడింటిలో చరిత్రకారునికి మేలు చేసేది మొదటిదే. చెరిపినచోట కనీసం చెరిపిన జాడ ఉంటుంది. బట్టీలో పడినదానికి జాడ కూడా ఉండదు.

ఈ కాలపు శాసనాల్లో పద్యరూప ప్రశంసలు, సమాధిలేఖనాలు, భవనదాతల కీర్తనలు, ప్రజలు గొంతెత్తి పలికిన జయధ్వానాలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటినీ పక్కన ఉంచి ధరల శాసనాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఇది ఒకే పాఠానికి అనేక ప్రతులు గల శాసనం. ఒక ఊరి రాయిలో పోయినది మరో ఊరి రాయిలో మిగిలి ఉండవచ్చు. అందువల్ల పరిష్కర్తల ఊహ ఎప్పుడు నిలిచిందో, ఎప్పుడు తేలిపోయిందో పరీక్షించి చూడగల అరుదైన అవకాశం ఇక్కడ లభిస్తుంది.

2. శాసనం, దాని ప్రతులు

301 నవంబరు చివర లేదా డిసెంబరు తొలినాళ్లలో డయోక్లీషియన్, మాక్సిమియన్, కాన్‌స్టాంటియస్, గలేరియస్ అనే నలుగురు పాలకుల పేరిట ఈ శాసనం వెలువడింది. లాటిన్‌లో సుదీర్ఘమైన పీఠిక, ఆ తరువాత వెయ్యికి పైబడిన అంశాల పట్టిక. పీఠికలో చక్రవర్తులు వర్తకుల దురాశను తీవ్రంగా నిందిస్తారు. సైనికుడు ఒక్క కొనుగోలుతోనే తన జీతాన్నీ బహుమానాన్నీ పోగొట్టుకుంటున్నాడని వాపోతారు. నిర్ణయించిన ధరను మించి అమ్మినవారికి మరణదండన విధిస్తారు. పట్టికలో గోధుమ, యవలు, మద్యం, మాంసం మొదలుకొని తోళ్లు, చెప్పులు, వస్త్రాలు, కూలి, బడిపంతుళ్ల జీతం, వన్యమృగాలు, ఓడకిరాయి వరకు అన్నీ ఉన్నాయి.

ధరలన్నీ దెనారియస్ లెక్కలో చెప్పారు. అప్పటికి అది చేతులు మారే వెండినాణెం కాదు, లెక్కకు వాడే ప్రమాణం మాత్రమే. గ్రీకులో దీన్ని దెనారియోన్ అన్నారు. మన దీనార శబ్దం ఇక్కడినుంచే వచ్చింది. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ స్తంభశాసనమొకటి 170 దినారి-మాషకాల దానాన్ని పేర్కొంటుంది. ఆ శాసనానికీ డయోక్లీషియన్ పట్టికకూ నడుమ ఉన్న దూరం కొన్ని దశాబ్దాలే. కనుక ఈ వ్యాసంలో దీనారం అనే రూపాన్నే వాడుతున్నాను.

ఆధునిక ప్రపంచానికి ఈ శాసనం తొలుత తెలిసినది 1709లో. విలియం షెరార్డ్ అనే ఆంగ్లేయుడు కారియా ప్రాంతంలోని స్ట్రాటొనికేయాలో సభాభవనపు వెలుపలి గోడమీద చెక్కిన లాటిన్ ప్రతిని నకలు చేసుకున్నాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో గ్రీసులో వరసగా గ్రీకు శకలాలు బయటపడ్డాయి. గెరోంథ్రాయ్, మెగారా, ఎగీరా, ప్లటేయా, లెబదేయా, ఎలతేయా, కరిస్తోస్: ఇలా ఒక్కొక్క ఊరు ఒక్కొక్క ముక్కను ఇచ్చింది. వీటన్నిటినీ కూర్చి థియొడోర్ మోమ్‌సెన్ 1851లో ఒక పరిష్కరణను, హ్యూగో బ్లూమ్నర్ వ్యాఖ్యతో 1893లో మరొకదాన్ని వెలువరించాడు. ఇరవయ్యవ శతాబ్దంలో జీగ్‌ఫ్రీడ్ లౌఫర్ (1971), మార్తా జక్కెరో (1974) పరిష్కరణలు వచ్చాయి. అఫ్రొడీసియస్‌లో 1961 నుంచి కెనాన్ ఎరిమ్ జరిపిన తవ్వకాలు పౌరభవనపు ముఖభాగానికి చెందిన లాటిన్ ప్రతి శకలాలను పెద్దసంఖ్యలో వెలికితీశాయి. వాటిని జాయిస్ రేనాల్డ్స్, తరువాత మైకేల్ క్రాఫర్డ్ పరిష్కరించారు.

ఈ పేర్ల వరుస చెప్పడంలో ఉద్దేశం ఒకటే. ఈనాడు మనం పుస్తకంలో చదివే ధరల శాసనం ఏ రాయి మీదా లేదు. అది దాదాపు మూడు వందల సంవత్సరాల పరిష్కరణశ్రమలో రూపొందిన సంయుక్తపాఠం.

3. శకలం చేతికి వచ్చిన తరువాత

గ్రీకు శాసనపండితులు రాతికి దళసరి తడికాగితాన్ని అద్ది, గట్టి కుచ్చుతో కొట్టి, ఆరిన తరువాత ఊడదీస్తారు. అక్షరాలు కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తాయి. మన శాసనశాఖవారి ఎస్టాంపేజికీ దీనికీ తేడా సిరా. మనవారు కాగితం మీద సిరా అద్దుతారు, అక్షరం తెల్లగా, నేల నల్లగా కనిపిస్తుంది. గ్రీకు పద్ధతిలో సిరా లేదు. వెలుగును పక్కవాటుగా ప్రసరింపజేసి నీడల ఆధారంగా చదువుతారు. సిరా పద్ధతిలో అద్దేవాని చేయి కొంత నిర్ణయం చేసేస్తుంది. అరిగిన గీత మీద సిరా పడిందా లేదా అన్నది అతని నేర్పును బట్టి ఉంటుంది. సిరాలేని అచ్చులో ఆ నిర్ణయం చదివేవాని మీద పడుతుంది. రెంటిలో ఏది మేలన్నది రాతి స్వభావాన్ని బట్టి చెప్పవలసిన మాట.

తరువాతి దశ అచ్చుపాఠం. 1931లో లైడెన్ నగరంలో జరిగిన సమావేశంలో గ్రీకు శాసన, పాపిరస్ పండితులు ఉమ్మడి సంకేతాలను అంగీకరించారు. రాయి విరిగి పూర్తిగా పోయినదాన్ని పరిష్కర్త పూరిస్తే చదరపు కుండలీకరణంలో ఉంచాలి. కొంత జాడ మిగిలి సందేహంగా ఉన్న అక్షరం కింద చుక్క పెట్టాలి. సంక్షిప్తరూపాన్ని విప్పితే గుండ్రని కుండలీకరణంలో, చెక్కినవాని పొరపాటును దిద్దితే కోణాకార కుండలీకరణంలో, బుద్ధిపూర్వకంగా చెరిపినదాన్ని జంట చదరపు కుండలీకరణంలో చూపాలి.

తెలుగు పరిశోధకులు ఇక్కడ ఒక ప్రమాదాన్ని గుర్తించాలి. ఎపిగ్రాఫియా ఇండికా సంప్రదాయంలో చదరపు కుండలీకరణం అంటే దెబ్బతిన్నా చదవగలిగిన అక్షరం. పరిష్కర్త సొంతంగా చేర్చినదానికి కుండలీకరణంలో నక్షత్రపు గుర్తు కూడా ఉంటుంది. అంటే ‘[గో]ధుమలు’ అని అచ్చులో ఉంటే, మన సంప్రదాయంలో పెరిగినవారు ‘గో’ అనే అక్షరం మసకగా కనిపిస్తున్నదని అర్థం చేసుకుంటారు. లైడెన్ పద్ధతిలో దానికి అర్థం, ‘గో’ రాతిమీద లేనే లేదని. ఒకే గుర్తుకు రెండు సంప్రదాయాల్లో దాదాపు విరుద్ధమైన సాక్ష్యవిలువ. తులనాత్మక శాసనాధ్యయనం చేసే పరిశోధనగ్రంథాల్లో ఈ తేడాను గమనించకుండా గ్రీకు పాఠాలను ఉటంకిస్తే, ఊహ సాక్ష్యంగా మారిపోతుంది. ఎర్నెస్ట్ బేడియన్ 1989లో ఒక వ్యాసానికి చదరపు కుండలీకరణాల నుంచి చరిత్ర అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పూరించిన మాటల మీద సిద్ధాంతాలు కట్టడం ఎంత సాధారణమో చెప్పడానికి ఆ పేరొక్కటే చాలు.

పూరణ గాలిలో చేసే పని కాదన్నది నిజమే. ప్రాచీన ఏథెన్సు శాసనాల్లో అక్షరాలను గళ్లలో పెట్టినట్టు నిలువుగా, అడ్డంగా సరిచూసి చెక్కేవారు. అక్కడ పంక్తికి ఇన్ని అక్షరాలని లెక్క కట్టవచ్చు. అంత్య ప్రాచీనయుగం నాటికి ఆ పద్ధతి అంతరించింది. అక్షరాల పరిమాణం మారుతుంది, పంక్తిచివర ఇరికిస్తారు, రెండు అక్షరాలను కలిపి చెక్కుతారు. పోయిన భాగంలో ఎన్ని అక్షరాలు పట్టేవో కచ్చితంగా చెప్పలేము. ఉచ్చారణలో వచ్చిన మార్పులూ తోడవుతాయి. ‘ఎయి’ అని రాసే జంట అచ్చూ ‘ఇ’ అనే అచ్చూ అప్పటికి ఒకే రీతిగా పలుకుతున్నారు. ‘అయి’, ‘ఎ’ విషయంలోనూ అంతే. చెక్కేవాడు చెవికి వినిపించినట్టు చెక్కితే పదం పొడవే మారిపోతుంది. ఇటువంటి రూపాలను వెంటనే దిద్దే పరిష్కర్తలంటే నాకు కొంత అనుమానం. ఆనాటి నాలుక ఎలా పలికిందో చెప్పే సాక్ష్యం ఆ తప్పుల్లోనే ఉంది.

4. మాట దొరుకుతుంది, అంకె దొరకదు

ధరల పట్టికలో ప్రతి పద్దుకు ఒకే నిర్మాణం: వస్తువు పేరు, నాణ్యత, కొలత, దీనారాల గుర్తు, అంకె. అరచేయంత శకలం ఒకటి దొరికిందనుకొందాం. దానిమీద మూడు పంక్తుల మధ్యభాగాలే ఉన్నాయి. ఒకదానిలో ఇటలీ సెక్స్‌టారియస్ అనే ద్రవపు కొలత కనిపిస్తే అది మద్యమో, నూనెయో, తేనెయో అయి ఉండాలి. శిబిర మోడియస్ అనే కొలత కనిపిస్తే ధాన్యమో పప్పులో. పై పంక్తిలో ఒక పేరు తునక, కింది పంక్తిలో మరో పేరు తునక దొరికితే, ఇతర ప్రతుల్లోని క్రమాన్ని బట్టి ఆ శకలానికి పట్టికలో స్థానం తేలిపోతుంది. స్థానం తేలాక పోయిన వస్తువుల పేర్లు దాదాపు నిస్సందేహంగా పూరించవచ్చు.

అంకె విషయం వేరు. గోధుమ శిబిర మోడియస్‌కు 100 దీనారాలు, యవలు 60. పందిమాంసం పౌనుకు 12, గొడ్డుమాంసం 8. పొలంకూలికి తిండిపెట్టి రోజుకు 25, తాపీపనివానికి 50, గోడకు రంగులు వేసేవానికి 75, చిత్రకారునికి 150. వీటిలో ఏ ఒక్క సంఖ్యనైనా మిగిలినవాటి నుంచి ఊహించి చెప్పగలమా? అరుదుగా అటువంటి వీలు లేకపోలేదు. ఫలెర్నుమ్, సోరెంటో మొదలైన ఏడు మేలురకపు ఇటలీ మద్యాలన్నిటికీ సెక్స్‌టారియస్‌కు 30 అనే నిర్ణయించారు. అందులో ఒకటి చెరిగినా పక్కవాటి సాయంతో పూరించవచ్చు. సాధారణంగా మాత్రం భాషకు ఉన్న నియతి ధరకు లేదు. వ్యాకరణం, వాక్యనిర్మాణం, అలవాటైన పదబంధాలు మాటను తిరిగి ఇస్తాయి. అంకెను తిరిగి ఇచ్చేది మరో రాయి మాత్రమే. ఈ శాసనంలో సులభంగా పూరించగలిగినది చరిత్రకారునికి అంతగా అక్కరలేనిది, అత్యవసరమైనదాన్ని పూరించడానికి దారి లేదు.

గ్రీకు ప్రతుల్లో ఈ చిక్కు మరింత ముదురుతుంది. గ్రీకులో అక్షరాలే అంకెలు. ఆల్ఫా 1, బీటా 2, అయోటా 10, రో 100. ఈ కాలపు లిపిలో ఎప్సిలాన్, సిగ్మా తరచు గుండ్రని రూపం దాల్చాయి. థీటా, ఒమిక్రాన్ సహజంగానే గుండ్రనివి. ఎడమవైపు అర్ధచంద్రాకారం మాత్రమే మిగిలిన ఒక అక్షరం 5 కావచ్చు, 9 కావచ్చు, 70 కావచ్చు, 200 కూడా కావచ్చు. నిలువుగీత పైన ఉండవలసిన గుండ్రని తల పెచ్చుగా లేచిపోతే రో అయోటాలా కనిపిస్తుంది, నూరు పదవుతుంది. లాటిన్ అంకెల పద్ధతి వేరు. అందులో గుర్తులను కూడుకుంటూ పోతారు కాబట్టి, అంచు విరిగినా మిగిలిన గుర్తులు కనీసపు విలువనైనా చెబుతాయి. గ్రీకు అక్షరం చెడితే ఆ కనీసపు హద్దు కూడా ఉండదు. తెలుగు లిపిలోనూ తలకట్టు, పొట్ట గీతలు అరిగితే పలు అక్షరాలు ఒకదానినొకటి పోలి ఉంటాయన్నది మన శాసనాలు చదివేవారికి అనుభవమే. అక్కడ చుట్టూ ఉన్న మాట ఆదుకుంటుంది. ఒంటరి అంకెను ఆదుకొనే సందర్భం లేదు.

దీనికి తార్కాణం బంగారం ధర. గ్రీసులో దొరికిన శకలం ఆధారంగా పౌను బంగారానికి 50,000 దీనారాలని దశాబ్దాలపాటు పండితులు అంగీకరించారు. ఆర్థికచరిత్ర గ్రంథాలు ఆ అంకె మీద లెక్కలు కట్టాయి. 1970లలో ఆసియా మైనరులోని లాటిన్ ప్రతులనుంచి వెలుగులోకి వచ్చిన సాక్ష్యం ఆ ధరను 72,000గా తేల్చింది.

ఈ తేడా చిన్నది కాదు. డయోక్లీషియన్ కాలంలో పౌను బంగారంతో 60 బంగారునాణేలు ముద్రించేవారు. 50,000 లెక్కన ఒక్కొక్క నాణెం 833 దీనారాల పైచిలుకు అవుతుంది. ఏ లెక్కల గుమాస్తా కూడా కోరుకోని సంఖ్య అది. 72,000 లెక్కన సరిగ్గా 1,200. పట్టికలో వెండి పౌనుకు 6,000 దీనారాలు. కొత్త పఠనంతో బంగారానికీ వెండికీ నిష్పత్తి 12కు 1 అయింది. పాత పఠనంతో అది ఎనిమిదిన్నరకు కూడా చేరదు. వేరొక విధంగా చూస్తే, పొలంకూలి సుమారు 325 గ్రాముల బంగారానికి ఎన్ని రోజులు పనిచేయాలి? పాత లెక్కలో 2,000 రోజులు, కొత్త లెక్కలో 2,880. ఒక పేదవాని బతుకు గురించి చరిత్రకారుడు చెప్పే మాట దాదాపు సగం మేరకు మారిపోయింది. నాణెం విలువ 833గా తేలినప్పుడే ఎవరైనా ఆ పఠనాన్ని గట్టిగా శంకించి ఉండవలసింది అనిపిస్తుంది. కాని అచ్చులో స్థిరపడిన అంకెకు ఉండే అధికారం రాతికి కూడా ఉండదు.

ఈ పట్టికలోనే పాలరాతి పనివానికి రోజుకు 60 దీనారాలు, సున్నం కాల్చేవానికి 50 దీనారాలు కూలి నిర్ణయించారు. ఆ శాసనాన్ని చెక్కినవారి కూలీ, కొన్ని తరాల తరువాత దాన్ని బట్టీలో వేయబోయేవారి వృత్తికి కూలీ పక్కపక్క పద్దుల్లో ఉండడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.

5. గ్రీకు పాఠం ఎవరిది?

శాసనం లాటిన్‌లో వెలువడింది. గ్రీకు మాట్లాడే ప్రాంతాల్లో దాన్ని ఎలా ప్రకటించాలన్నది అక్కడి అధికారుల నిర్ణయమని శకలాలు సూచిస్తున్నాయి. ఫ్రిజియా, కారియా ప్రాంతాల్లో గోడల మీద చెక్కినది లాటిన్ పట్టికే. ఐజానోయ్ నగరంలో మాత్రం దానికి తోడుగా రాష్ట్రపాలకుడు ఫుల్వియస్ అస్తికస్ గ్రీకులో ఇచ్చిన ప్రకటన దొరికింది. జనానికి అర్థం కావలసిన మాటను పాలకుడు జనం భాషలో చెప్పాడు, చక్రవర్తుల మాటను చక్రవర్తుల భాషలోనే నిలిపాడు. గ్రీసులో, అనగా అకైయా రాష్ట్రంలో పట్టిక గ్రీకులో ఉంది; ప్లటేయాలో లాటిన్ పీఠిక శకలం, గ్రీకు పట్టిక శకలం రెండూ దొరికాయి. తిట్లు, దండనలు లాటిన్‌లో, ధరలు గ్రీకులో. అధికారభాష, అంగడిభాష వేరువేరుగా నడిచిన నేల మీద పుట్టినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు.

గ్రీకు ప్రతులన్నీ ఒకే అనువాదానికి నకళ్లు కావు. ఒకే వస్తువుకు వేరువేరు ఊళ్లలో వేరువేరు మాటలు కనిపిస్తాయి. చాలాచోట్ల అనువాదకుడు అనువాదం మాని లాటిన్ మాటనే గ్రీకు లిపిలో పెట్టాడు. సైనికుల పాదరక్ష కలిగా, ముసుగున్న పైవస్త్రం బిర్రోస్, కొలత మోడియోస్ అలాగే ఉండిపోయాయి. పారసీ పాలనాపదాలు తెలుగు దస్తావేజుల్లో స్థిరపడినట్లే ఇవి ఆనాటి గ్రీకులో కలిసిపోయాయి. పాఠపూరణ దృష్టితో చూస్తే ఇది ఒక హెచ్చరిక. మెగారా రాతిలో పోయిన మాటను గెరోంథ్రాయ్ రాతి నుంచి తెచ్చి పూరిస్తే, అర్థం సరిపోవచ్చు, మాట మాత్రం మెగారాది కాకపోవచ్చు. సంయుక్తపాఠం అచ్చులో నున్నగా కనిపించే కొద్దీ స్థానికమైన ఈ తేడాలు మాయమవుతాయి. భాషాచరిత్ర పరిశీలించేవారు సంయుక్తపాఠాన్ని కాక ఒక్కొక్క ప్రతిని విడివిడిగా చదవవలసిన అవసరం ఇక్కడ ఉంది.

6. రాయి లేనిచోటు

శకలాలు అకైయాలోను, ఫ్రిజియా-కారియాలోను విరివిగా దొరికాయి. క్రీట్‌లో, లిబియా తీరంలోని ప్టోలెమాయిస్‌లో కొన్ని, ఈజిప్టు నుంచి ఐరోపాకు చేరిన ఒక ఫలకం ఉన్నాయి. సామ్రాజ్యపు పశ్చిమభాగం దాదాపు శూన్యం. ఇటలీలోని పెటొరానోలో దొరికిన గ్రీకు శకలం గ్రీసు నుంచి తరలివచ్చినదేనని పండితుల సాధారణాభిప్రాయం. దీన్ని బట్టి పశ్చిమాన ఈ శాసనం అమలు కాలేదని కొందరు వాదించారు. ఆ నిర్ణయం తొందరపాటని నా అభిప్రాయం. రోమన్ పాలనలో ప్రకటనలను సున్నం పూసిన చెక్కపలకల మీద రాసి వేలాడదీయడం మామూలు పద్ధతి. రాతిమీద చెక్కించడం ప్రత్యేకమైన పని. దానికి ఉత్సాహం గల పాలకుడు, దగ్గరలో పాలరాతి గనులు, నేర్పు గల చేతులు ఉండాలి. అఫ్రొడీసియస్ చుట్టుపక్కల ఇవన్నీ ఉన్నాయి. అంటే మన శకలాల పటం శాసనం అమలైన ప్రాంతాల పటం కాదు. అది పాలరాయి పటం, ఒకరిద్దరు పాలకుల ఉత్సాహపు పటం.

ఫలితం సంగతి కూడా ఇంతే. క్రైస్తవ రచయిత లాక్టాన్షియస్, ఈ శాసనం వల్ల సరుకులు అంగడి నుంచి మాయమయ్యాయని, రక్తపాతం జరిగిందని, చివరికి చట్టం తనంత తానే రద్దయిందని రాశాడు. అతడు డయోక్లీషియన్‌ను క్రైస్తవులను హింసించినవానిగా ద్వేషించినవాడు. అతని మాటను అలాగే స్వీకరించలేము. ఈజిప్టు పాపిరస్ పత్రాలు నాలుగవ శతాబ్దంలో ధరలు ఈ పట్టికను ఎంతగానో మించిపోయాయని చూపుతాయి కనుక, చట్టం ధరలను నిలపలేకపోయిందన్నంతవరకు అతని మాట నిజం. రక్తపాతం గురించి రాళ్లు ఏమీ చెప్పవు. పట్టికలో మగసింహానికి 1,50,000 దీనారాలు ఉందని చదివి ఆ ధరకు సింహాలు అమ్ముడుపోయాయని అనుకోవడం పొరపాటు. అది దాటకూడని హద్దు. బేరం కుదిరిన ధర కాదు.

7. యంత్రపూరణ, కొత్త జాగ్రత్తలు

2022లో నేచర్ పత్రికలో ఇథాకా అనే కృత్రిమమేధా నమూనా ప్రకటితమైంది. గ్రీకు శాసనాల పెద్ద సంచయం మీద దానికి శిక్షణ ఇచ్చారు. పోయిన అక్షరాలను పూరించడంలో అది ఒంటరిగా 62 శాతం, చరిత్రకారులు ఒంటరిగా 25 శాతం, ఇద్దరూ కలిసి 72 శాతం కచ్చితత్వం సాధించినట్లు ఆ పరిశోధకులు చెప్పారు. పరీక్షకు వారు తీసుకున్నవి ఒకటి నుంచి పది వరకు అక్షరాలు దాచిన పాఠాలు. గౌరవశాసనాలు, తీర్మానాలు, సమాధిలేఖనాల వంటి మూసపాఠాల్లో ఇటువంటి పరికరం ఎంతో శ్రమను తగ్గిస్తుంది. పునరావృత్తి ఎంత ఎక్కువగా ఉంటే యంత్రానికి అంత బలం.

ధరల శాసనం ఈ బలానికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. నాలుగవ విభాగంలో చెప్పిన అసమానత యంత్రానికీ వర్తిస్తుంది. అది వస్తువు పేరును ఇస్తుంది. అంకెనూ ఇస్తుంది, కాని ఆ అంకె సగటు అలవాటు నుంచి వచ్చినది, రాతినుంచి వచ్చినది కాదు. 50,000 అన్న పాత పఠనం నమోదైన సంచయం మీద శిక్షణ పొందిన యంత్రం 72,000ను ఊహించి ఉండేదని చెప్పడానికి ఆధారం లేదు. యంత్రం ఇచ్చే సంభావ్యతాశాతం భాషకు సంబంధించినదే తప్ప చారిత్రకసత్యానికి సంబంధించినది కాదన్న ఎరుక పరిశోధకునికి ఉండాలి.

అఫ్రొడీసియస్ శాసనాలను 2007 నుంచి అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్న పరిష్కరణ ఈ విషయంలో మంచి నమూనా. ఎపిడాక్ అనే అంకనపద్ధతిలో పూరించిన ప్రతి భాగానికీ, చుక్క పెట్టిన ప్రతి అక్షరానికీ విడిగా గుర్తు వేస్తారు. పోయినది ఎంత పొడవో, పూరణపై పరిష్కర్తకు ఎంత నమ్మకముందో యంత్రం చదవగల రూపంలో నమోదవుతుంది. కావాలనుకుంటే పూరణలన్నీ తొలగించి, రాతిమీద ఉన్నదాన్ని మాత్రమే చూడవచ్చు. తెలుగు శాసనసంపుటాలను అంకరూపంలోకి మార్చే పనిలో ఉన్నవారు ఎపిగ్రాఫియా ఇండికా నక్షత్రపు గుర్తును సాదా కుండలీకరణంగా మార్చివేస్తే, లేదా అక్షరగుర్తింపు సాధనం దాన్ని మచ్చగా భావించి వదిలివేస్తే, దెబ్బతిన్న అక్షరానికీ లేని అక్షరానికీ ఉన్న తేడా శాశ్వతంగా చెరిగిపోతుంది. కాబట్టి పాఠాన్ని ఎక్కించేముందే ఆ రెండు గుర్తులకూ వేరువేరు అంకనాలు కేటాయించుకోవాలి. పాత సంపుటాల్లో పరిష్కర్తలు మారినప్పుడు గుర్తుల వాడుకలో వచ్చిన మార్పులను సంపుటాలవారీగా ముందు పట్టిక వేసుకోవాలి.